యూదుల భోజనపు బల్లమీది తీపి వంటకములు

మన పాఠశాలలో నిర్గమకాండమును, లేవీయకాండమును పాఠముగా చదువునప్పుడు విద్యార్థులు ఒక ప్రశ్నను తప్పక అడుగుచుందురు. మేకపిల్లను దాని తల్లిపాలలో వండరాదను ఆజ్ఞ నిర్గమకాండము 23, 34 అధ్యాయములయందును, ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయమునందును, మొత్తము మూడుమారులు కనబడుచున్నది. ఇంత చిన్న ఆజ్ఞను మూడుమారులు చెప్పుట యెందుకు? దాని నెవరైనను నేటికిని పాటించుచున్నారా? అని వారు అడుగుదురు. పాటించుచున్నారు. లోకమందంతట చెదరియున్న యూదుల గృహములలో అనేకములయందు ఆ ఆజ్ఞ ప్రతిదినమును వంటయింటిలో పనిచేయుచున్నది. అది యెట్లు పనిచేయుచున్నదో తెలిసికొనుటకు మాంసపు కూరను చూచుటకంటె భోజనము చివర వడ్డించు తీపిని చూచుట మేలు. ఏలయనగా మాంసము అందరి కంటికిని కనబడును. తీపిలో కలిసిన చెంచాడు నేయి ఎవరి కంటికిని కనబడదు. కనబడని దానినిగూర్చి వండినవారు చెప్పు మాటయే అచ్చట ఆధారము. ఈ సంగతిని మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును బోధపరచుటయే మేము ఈ వ్యాసమునందు తలపెట్టిన పని.

కోషెర్ అనగా నేమి?

కోషెర్ అను హెబ్రీ మాటకు తగినది, యోగ్యమైనది అని అర్థము. యూదుల గురువైన రబ్బీ మంత్రము చెప్పి ఆహారమును కోషెర్ చేయునని కొందరు తలంతురు గాని అది నిజము కాదు. ఆహారము దేనితో చేయబడెను, ఏ పాత్రలో వండబడెను, దేనితో కలిపి తినబడుచున్నది అను మూడు సంగతులనుబట్టియే అది తగినదగును, లేక తగనిదగును.

లేవీయకాండము 11వ అధ్యాయము ప్రకారము నెమరువేయుచు రెండు డెక్కలు గల జంతువులే తినదగినవి. మేక, గొఱ్ఱె, ఆవు, జింక ఇట్టివి. పంది డెక్కలు చీలినదైనను నెమరువేయదు గనుక తగదు. నీటిలోనివాటికి రెక్కలును పొలుసులును రెండును ఉండవలెను. మన కొల్లేటి చేపలను ఈ లెక్కతో పరీక్షించి చూడుడి. బొచ్చెకును, శీలావతికిని పొలుసులు గలవు, అవి తగినవి. వాలుగకును, జెల్లకును, మార్పుకును పొలుసులు లేవు, అవి తగవు. రొయ్యయు, పీతయు తగవు.

ఇట్లు తగిన ఆహారమును యూదులు మరల మూడు తరగతులుగా విభజింతురు. మొదటిది మాంసము, కోడి మొదలగు పక్షుల మాంసమును తరువాతి కాలపు పెద్దలు ఇందులోనే చేర్చిరి. రెండవది పాలు, పెరుగు, వెన్న, నేయి, జున్ను, కోవా అన్నియు దీనిలో చేరును. మూడవది ఈ రెండును కానిది. దీనిని పార్వే అందురు. ధాన్యము, పప్పు, కూరగాయలు, పండ్లు, కొబ్బరి, నూనె, బెల్లము, తేనె, గ్రుడ్డు ఈ మూడవ తరగతిలోనివి. చేపయు మాంసము కాదు, పార్వేయే. మొదటి తరగతిని రెండవదానితో కలిపి వండరాదు, కలిపి తినరాదు. మూడవది దేనితోనైనను పోవును. చేపను పాలతో కలిపి తినుట కొన్ని సమాజములలో ఆచారము కాదు గాని, అనేకులు చేపల భోజనము తరువాత పాల తీపి తినుటకు అభ్యంతరము చెప్పరు.

మధ్యాహ్నపు లెక్క

మాంసము తినిన తరువాత ఎంతసేపటికి పాలు ముట్టవచ్చును? ఈ విషయమున ఆచారములు వేరు వేరుగా నున్నవి. ఎక్కువమంది ఆరు గంటలు ఆగుదురు. జర్మనీనుండి వచ్చిన కుటుంబములలో మూడు గంటలు ఆగుట వాడుక. హాలండు యూదులలో ఒక గంట ఆగుట కలదు. పాల ఆహారము ముందు తిని మాంసము తరువాత తినునెడల ఆగవలసిన కాలము తక్కువ. విద్యార్థులు ఇప్పుడొక లెక్క చేయవలెను. ఒక ఇంట మధ్యాహ్నము 1 గంటకు కోడికూరతో భోజనము ముగించిరి. వారు ఆరు గంటల ఆచారమువారైనచో సాయంకాలము 7 గంటలవరకు పాలు పోసిన కాఫీయైనను త్రాగరు. అట్లయినయెడల భోజనాంతమున వారికి వడ్డింపదగిన తీపి యేది?

ఇక్కడనే మన తెలుగువారి తీపి వంటకములకు పరీక్ష వచ్చుచున్నది. బందరు లడ్డులో నేయి గలదు. సున్నుండలు నేయి లేక ముద్ద కట్టవు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురపు పూతరేకులకు నేయి ప్రాణము. పాలకోవా, పరమాన్నము చెప్పనే అక్కరలేదు. ఇవి యేవియు స్వభావముచేత నిషిద్ధములు కావని విద్యార్థులు గుర్తెరుగవలెను. బొచ్చె చేప పులుసుతో భోజనము చేసిన దినమున ఇవే తీపి వంటకములు వడ్డింపవచ్చును. కోడికూర తినిన దినమున వీటికి వేళ కుదరదు, అంతే. ఒకే పదార్థము ఒకవేళ తగినదై మరియొకవేళ తగనిదగుట ఈ ధర్మములోని విశేషము.

మన దేశమున డబ్బాలమీద వేయు ఆకుపచ్చ చుక్కను చూచి, ఇది శాకాహారము గదా, వారికి పనికివచ్చునని తలంచుటయు పొరపాటే. ఆకుపచ్చ చుక్క మాంసము లేదని చెప్పును గాని పాలు లేవని చెప్పదు. బిస్కత్తులలో పాలపొడి తరచుగా నుండును. మరియొకవైపున, గ్రుడ్డు వేసిన కేకు ఆకుపచ్చ చుక్కకు అర్హము కాదు. యూదుల లెక్కలో గ్రుడ్డు పార్వేయే. ఈ ముద్రయు, యూదుల ముద్రయు రెండు వేరు ప్రశ్నలకు జవాబులు. పాశ్చాత్య దేశములలో డబ్బాలమీద వృత్తములోపల ఇంగ్లీషు యు అక్షరముగల గుర్తు కనబడును. అమెరికాలోని ఆర్థడాక్సు యూదుల సంఘమువారు ఆ పదార్థమును పరీక్షించిరని దాని అర్థము. పాలు గల పదార్థమైనచో ప్రక్కన డి అక్షరము చేర్తురు.

జెల్లీలు, మెత్తని మిఠాయిలు చేయుటకు వాడు జెలటిను జంతువుల తోళ్లనుండియు ఎముకలనుండియు తీయబడును. కావున నిష్ఠగలవారు దాని మూలమును విచారింపక తినరు. దానికి బదులుగా సముద్రపు నాచునుండి తీసిన అగరు అగరును వాడుదురు. మన బజారులో చైనా గ్రాసని పిలువబడునది ఇదియే.

కొబ్బరి చేసిన మేలు

పాలులేక పాలవంటి రుచి కావలెనన్న చలి దేశపు యూదులకు కష్టముగానుండెడిది. బాదముపప్పు నూరి తీసిన పాలు కలిగినవారికే అందుబాటులో నుండెడివి. 1869లో ఫ్రాన్సు దేశమున మార్గరీను కనిపెట్టబడినది. తరువాత వృక్షసంబంధమైన నూనెలతో చేసిన మార్గరీను వచ్చినప్పుడు మాంసభోజనము చివర కేకు వడ్డించు గృహిణులకు అది సహాయమాయెను. అయితే నూనెను గడ్డకట్టించు పద్ధతివలన కలుగు ట్రాన్స్ కొవ్వులు గుండెకు హానికరములని తేలినందున, మన దేశమున 2022నుండి ఆహారపదార్థముల నూనెలు కొవ్వులలో వాటిని నూటికి 2 పాళ్లకు మించనీయరాదను నిబంధన యున్నది.

మన దేశపు యూదులకు ఇట్టి చిక్కు రాలేదు. ఏలయనగా వారు నివసించిన తీరములలో దేవుడు కొబ్బరిచెట్టును ఉంచెను. 1568లో కట్టబడిన పరదేశి సమాజమందిరముగల కొచ్చిలో యూదులు మాంసపు కూరలలోను తీపి వంటకములలోను కొబ్బరిపాలను వాడుకొనిరి. కొబ్బరిపాలు పేరునకు పాలేగాని ధర్మమునకు పార్వే.

కొంకణ తీరమున నివసించిన బేనె ఇశ్రాయేలువారి వృత్తి గానుగ ఆడుట. విశ్రాంతిదినమైన శనివారమున వారు గానుగ కట్టరు గనుక చుట్టుప్రక్కలవారు వారిని శనివారపు గానుగవారను అర్థముగల మరాఠీ పేరుతో పిలిచిరి. తమ గ్రంథముల వాసన చాలకాలము లేకున్నను వారు విశ్రాంతిదినమును విడువలేదు. వీరి తీపి వంటకములలో ముఖ్యమైనది మలీదా. తడిపిన అటుకులలో కోరిన కొబ్బరి, చక్కెర లేక బెల్లము, ఏలకులపొడి కలిపి, పైన పండ్లు అమర్చుదురు. మ్రొక్కు చెల్లించునప్పుడును, వివాహాది శుభకార్యములయందును, ఏలీయా ప్రవక్తను స్మరించి ప్రార్థనలు చదివి దీనిని అందరికి పంచుదురు. మన ఇండ్లలో పిల్లలకు పెట్టు అటుకులు బెల్లమునకు ఇది తోబుట్టువు. నూతన సంవత్సరమునకు వారు గోధుమపాలు, కొబ్బరిపాలు, చక్కెర కలిపి కాచి హల్వా బిళ్లలు కోయుదురు. ఈ రెంటిలోను ఆవుపాల చుక్కయైనను అవసరము లేదు.

బాగ్దాదునుండి వచ్చి కలకత్తాలో స్థిరపడిన యూదులలో ఒకరు 1902లో స్థాపించిన నాహూము మిఠాయి దుకాణము న్యూ మార్కెట్టులో ప్రసిద్ధి చెందినది. క్రిస్మసు దినములలో అక్కడి పండ్ల కేకుకొరకు క్రైస్తవులును, హిందువులును వరుసగా నిలుచుందురు. కొచ్చి, కొంకణ, కలకత్తా యూదులలో అధికసంఖ్యాకులు 1948లో ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడిన తరువాతి సంవత్సరములలో ఆ దేశమునకును ఇతర దేశములకును వలసపోయిరి. మలీదా వారితోకూడ ఇశ్రాయేలునకు వెళ్లినది.

తెలుగు దేశమున

ఈ పాఠము మనకు కేవలము పరదేశపు సంగతి కాదు. ఏలూరునకు దక్షిణముగా, కృష్ణకు ఆవల, గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమునందు, తాము యోసేపు కుమారుడైన ఎఫ్రాయీము గోత్రమువారమని చెప్పుకొను తెలుగు కుటుంబములు గలవు. బేనె ఎఫ్రాయీము, అనగా ఎఫ్రాయీము కుమారులు, అను పేరుతో వారు ప్రసిద్ధులు. మచిలీపట్టణమునందును ఈ సమాజమువారు కలరు. వీరి పెద్దలు పందొమ్మిదవ శతాబ్దమునుండి బాప్తిస్టు సంఘములలో చేరియుండిరి. 1980 తరువాతి సంవత్సరములలో వీరు యూదుల ఆచారములను బహిరంగముగా అవలంబింప నారంభించి, సమాజమందిరమును కట్టుకొనిరి. 2013లో వీరినిగూర్చి ఇద్దరు పండితులు వ్రాసిన ఇంగ్లీషు గ్రంథమును ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ప్రకటించిరి.

వారి వంశమునుగూర్చి తీర్పు చెప్పుట మా పని కాదు. మేము చెప్పదలచినది వేరు. తెలుగు పల్లెలో ఒక కుటుంబము ఈ ధర్మమును పాటింప బూనుకొనినచో కావలసిన తీపి సామగ్రి పరదేశమునుండి రానక్కరలేదు. గోదావరి డెల్టాలోని కొబ్బరి, అనకాపల్లి బెల్లము, మన చేల బియ్యము, నువ్వులు, నూనె, ఇవన్నియు పార్వే. నేయి వేయక చేసిన చిమ్మిలి, కొబ్బరి లౌజు, నూనెలో వేచిన అరిసెలు, పూర్ణపు బూరెలు మాంసభోజనము చివర నిస్సంశయముగా వడ్డింపదగును, అయితే వేచిన మూకుడును, నూనెయు మాంసమునకు గాని పాలకు గాని వాడనివై యుండవలెను. తాటిబెల్లము, మామిడి తాండ్ర, ముంజలు ఉండనే యున్నవి. బీదవాని బుట్టలోనివే ఇవి. ఈ ధర్మమునకు ధనము కంటె జాగ్రత్త ఎక్కువ కావలెను. నిజమైన ఖర్చు పాత్రలలో నున్నది. పాలకొక వరుస, మాంసమునకొక వరుస పాత్రలు వేరుగా ఉంచుకొనవలెను. వేడిమిచేత పాత్ర తనలో వండిన పదార్థపు రుచిని పీల్చుకొని మరల విడుచునని వారి పెద్దల మతము. రెండు కుండలతో సంసారము గడుపు ఇంటికి ఈ నియమము బరువైనదే. అందుచేతనే పార్వే తీపికి ప్రత్యేకముగా ఒక మూకుడును ఉంచుకొనుట తెలివైన పద్ధతి.

సంవత్సరపు పండుగలు

యూదుల దినము సూర్యాస్తమయముతో ఆరంభమగును. విశ్రాంతిదినమున నిప్పు రగిలింపరు, వంట చేయరు. కావున శనివారపు తీపి శుక్రవారము ప్రొద్దుక్రుంకకమునుపే సిద్ధము కావలెను. మన ఉక్క దేశములో కొబ్బరిపాలతో చేసిన పాయసము మరునాటికి పులియును. చిమ్మిలి, అరిసె, లౌజు నిలుచును. ఏ తీపి ఏ దినమునకు తగునో వాతావరణమునుబట్టి ఆలోచించుటయు వంటలోని విద్యయే.

సెప్టెంబరు, అక్టోబరు మాసములలో వచ్చు నూతన సంవత్సరమున ఆపిలు ముక్కలను తేనెలో ముంచి తిని, రాబోవు సంవత్సరము తీయగా నుండునట్లు ప్రార్థింతురు. ఐరోపా యూదులు తేనె కేకు చేయుదురు. తేనెటీగ తినదగనిదైనను తేనె తినదగినదే. ఈగ దానిని తన దేహమునుండి పుట్టింపక పువ్వులనుండి తెచ్చి నిలువచేయునని తల్ముదులోని పెద్దలు వివరించిరి. పాత నిబంధనలో ప్రశంసింపబడిన తేనె ఖర్జూరపు పాకమని అనేక పండితులు చెప్పుచుండిరి. అయితే 2007లో యొర్దాను లోయయందలి తెల్ రెహోవు త్రవ్వకములలో సుమారు మూడువేల సంవత్సరముల నాటి తేనెపట్టుల వరుసలు బయల్పడినవి.

పర్ణశాలల పండుగలో చేతబట్టు నాలుగింటిలో మాదీఫలమొకటి. పండుగ గడచిన తరువాత దాని తొక్కను చక్కెరపాకమున ఉడికించి మురబ్బా చేయుదురు. పరిశుద్ధ కార్యమునకు వాడిన ఫలమును వ్యర్థముగా పారవేయరు.

డిసెంబరులో వచ్చు ఆలయ ప్రతిష్ఠ పండుగను యోహాను సువార్త 10వ అధ్యాయమున చదివియున్నాము. క్రీస్తుకు పూర్వము 164వ సంవత్సర ప్రాంతమున యెరూషలేము ఆలయము మరల శుద్ధి చేయబడినదానికి అది జ్ఞాపకార్థము. ఒక దినమునకు సరిపోవు నూనెతో దీపము ఎనిమిది దినములు వెలిగెనను సంప్రదాయమునుబట్టి ఆ దినములలో నూనెలో వేచిన తీపి తినుట వాడుక. మురబ్బా కూరిన మైదా ఉండలను ఇశ్రాయేలులో వేయింతురు. నూనెలో వేచిన బూరెలు ఆ పండుగ బల్లమీద పెట్టినను భావము చెడదు.

ఎస్తేరు కథను జ్ఞాపకము చేసికొను పూరీము పండుగన గసగసాలు గాని పండ్ల మురబ్బా గాని కూరిన మూడు మూలల కజ్జికాయవంటి తీపిని చేయుదురు. ఆ దినమున ప్రతివాడును కనీసము ఒక స్నేహితునికి రెండు విధములైన తినుబండారములు పంపవలెను. కనీసము ఇద్దరు బీదలకు దానము చేయవలెను. పొరుగింటికి పంపిన పళ్లెము తినదగినదై యుండుటకు పంపినవారే పూచీదారులు. మన పండుగలకు పొరుగువారికి పళ్లెములు పంపుకొను మనకు దీని భావము సులభముగా తెలియును.

వారముల పండుగ దీనికి భిన్నము. సీనాయి కొండయొద్ద ధర్మశాస్త్రము పొందినదానిని ఆ దినమున స్మరింతురు. అనేకులు పాల వంటకములే తినుట ఆచారము. జున్నుతో చేసిన తీపి కేకులును, జున్ను చుట్టిన పలుచని అట్లును బల్లకు వచ్చును. మన పరమాన్నము, పాలకోవా ఆ దినమున రాజ్యమేలవచ్చును.

పస్కాపండుగ పరీక్ష

తీపి చేయువారికి అన్నిటికంటె కఠినమైన పరీక్ష పస్కా. గోధుమ, యవ, రై, ఓట్సు, స్పెల్టు అను గోధుమజాతి ధాన్యము, ఈ అయిదింటి పిండి నీటితో కలిసి పులిసినచో దానిని తినుట మాత్రమే కాదు, ఇంట ఉంచుకొనుటయు తగదు. పులియని రొట్టెల పిండికి నీరు తగిలిన క్షణమునుండి కాల్చుట ముగియువరకు 18 నిమిషములు మించరాదు. ఐరోపా యూదులు బియ్యమును, పప్పులను, నువ్వులనుకూడ ఆ వారమున విడిచిపెట్టుదురు. తూర్పుదేశపు యూదులలో అనేకులు బియ్యము తిందురు. బియ్యపు పిండి పులియదు, చెడును మాత్రమే అని పూర్వపు పెద్దలు వేరుపరచిరి. కావున బియ్యపు తీపి ఒక యింట తగినదై మరియొక యింట తగనిది కావచ్చును. అడుగక తెలియదు.

పిండి పులియకుండ కేకు ఎట్లు పొంగును? గ్రుడ్డు తెల్లసొనను గిలకొట్టినచో గాలిబుడగలు చిక్కుకొనును. వేడి తగులగానే ఆ గాలి వ్యాకోచించి కేకును లేపును. పులియని రొట్టెను దంచిన పిండి, లేక బంగాళాదుంపల పిండి, గ్రుడ్లు, చక్కెర చేర్చి ఇట్టి కేకులు చేయుదురు. కొబ్బరికోరు, తెల్లసొన, చక్కెర కలిపి కాల్చిన బిళ్లలు పస్కా దినములలో మిక్కిలి వాడుక. వీటిలో పిండియే లేదు.

పస్కా రాత్రి బల్లమీద హరోసెతు అను తీయని ముద్ద యుండును. ఐరోపాలో ఆపిలు, వాల్‌నట్టు, దాల్చినచెక్క, ద్రాక్షారసము కలిపి చేయుదురు. ఇరాకు యూదులు ఖర్జూరపు పాకములో వాల్‌నట్టు పొడి కలుపుదురు. ఐగుప్తులో వారి పితరులు త్రొక్కిన అడుసునకు ఇది గుర్తు. దాస్యపు అడుసును చేదుగా గాక తీపిగా చేసి పిల్లల నాలుకమీద పెట్టుచు, ఆ కథను చెప్పుదురు. పిల్లలకు చరిత్ర చెప్పుటకు ఇంతకంటె మంచి పద్ధతిని మేము ఉపాధ్యాయ కళాశాలలో నేర్చుకొనలేదు.

ఇంటిలో చేసి చూచుటకు ఒక పాఠము

తల్లులును, పెద్ద తరగతుల విద్యార్థులును చేసి చూడదగిన కొబ్బరిపాల పరమాన్నమును ఇచ్చట వ్రాయుచున్నాము. బియ్యము ఒక గిన్నె, అదే గిన్నెతో తరిగిన బెల్లము ఒకటిన్నర, పెద్ద కొబ్బరికాయలు రెండు, ఏలకులు నాలుగైదు చాలును.

ముందుగా బియ్యమును చేటలో పరచి పురుగులు లేకుండ ఏరవలెను. పురుగు తినుట యూదుల ధర్మమున గట్టిగా నిషేధింపబడినది గనుక ఈ పనిని తొందరపడి చేయరాదు. కొబ్బరి కోరి, గోరువెచ్చని నీరు ఒక గిన్నె పోసి రుబ్బి, గుడ్డలో పిండి మొదటి పాలు తీసి వేరుగా నుంచవలెను. ఆ పిప్పికి మరల మూడు గిన్నెల నీరు చేర్చి రెండవ పాలు తీయవలెను. రెండవ పాలకు ఒక గిన్నె నీరు కలిపి బియ్యమును సన్నని సెగమీద మెత్తగా ఉడికింపవలెను. బెల్లమును కొద్ది నీటిలో కరగించి, గుడ్డతో వడకట్టి, ఉడికిన అన్నమునందు కలిపి దగ్గరపడనీయవలెను. చివరకు మొదటి పాలు పోసి, తెర్లకమునుపే దింపి ఏలకులపొడి చల్లవలెను. మొదటి పాలు ఎక్కువగా మరిగినయెడల నూనె విడిచి విరిగినట్లగును. జీడిపప్పు కావలెనన్న కొబ్బరినూనెలో వేచవలెను గాని నేతిలో కాదు. అదే రోజున తినివేయవలెను.

వండిన గిన్నె, కలిపిన గరిటె ఇంతకుముందు దేనికి వాడబడినవి? నిష్ఠగల అతిథికి వడ్డింపదలచినప్పుడు ఈ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. మన వంటయింటి పాత్రలు వారికి పనికిరాకపోవచ్చును. అట్టివేళ ఒలిచి తినదగిన అరటిపండ్లు, మామిడిపండ్లు, కొట్టని కొబ్బరిబొండము పెట్టి మర్యాద చేయుట ఉత్తమము. ఒక పండు పెట్టుట తక్కువ మర్యాద కాదు. అతిథి నిర్భయముగా తినగలిగినదే అతనికి విందు.

వండువారి మాట

ఈ ధర్మమంతయు చివరకు దేనిపై నిలిచియున్నదో ఇప్పుడు చెప్పెదము. బూరె పూర్ణములో ఒక చెంచాడు నేయి వేసితిమా లేదా అనుట తినువానికి తెలియదు. రుచి మెరుగైనదని మాత్రము అతడు మెచ్చుకొనును. వేయలేదని మనము చెప్పినచో నమ్మి తినును. ఆ నమ్మకమును చెరుపుట ఒక తీపి వంటకమును చెరుపుటవంటిది కాదు. అతడు పిల్లతనమునుండి కాపాడుకొని వచ్చినదానిని, అతనికి తెలియకుండ, మనము పారవేసినట్లగును. కొంచెమే గదా, కనబడదు గదా, ఏమగును అని అనువారు కలరు. కనబడనిచోట చేసిన పనియే మనుష్యుని గుణమును తెలుపును.

మన వసతిగృహములలో వేరు వేరు మతములకును కులములకును చెందిన పిల్లలు ఒకే వరుసలో కూర్చుండి భోజనము చేయుదురు. గ్రుడ్డు తినని పిల్లవాడు కలడు. శుక్రవారము ఉపవాసముండు బాలిక కలదు. హలాలు మాంసము తప్ప ముట్టని ముసల్మాను బాలుడు కలడు. వారు అడిగినప్పుడు వంటవారును, వడ్డించు తోటి విద్యార్థులును చెప్పు జవాబు సత్యమై యుండవలెను. తెలియనప్పుడు తెలియదనియే చెప్పవలెను. నవ్వులకొరకు ఒకని పళ్లెములో అతడు తినరానిది కలుపుట బాలచేష్ట కాదు, ద్రోహము. ఒకరి ఆహారనియమమును మనము అంగీకరింపనక్కరలేదు, పాటింపనక్కరలేదు. దానినిగూర్చి అబద్ధమాడకుండుటయే మనకు విధి.

తాడేపల్లిగూడెమునుండి గాని, కొల్లేటి లంకలనుండి గాని వచ్చు మన విద్యార్థులు రేపు హైదరాబాదులోను, అమెరికాలోను, ఇశ్రాయేలులోను పనిచేయబోవుదురు. యూదుల ఇంట భోజనమునకు కూర్చుండు దినము, లేక యూదుడైన స్నేహితుని తమ ఇంటికి పిలుచు దినము వారికి రావచ్చును. అప్పుడు వారు మూడు ప్రశ్నలు జ్ఞాపకముంచుకొనవలెను. భోజనము మాంసముతోనా, పాలతోనా? తీపిలో ఏమేమి కలిసినవి? పాత్ర దేనికి వాడబడినది? ఈ మూడింటికి సత్యముగా జవాబు చెప్పగల ఇంట ఏ అతిథియైనను నెమ్మదితో భోజనము చేయును.